ఇల్లు అమ్మే ముందు నానమ్మగారి వాటా సంగతి తేల్చుకోండి

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయనగరం. తోటపాలెంలో నాన్నగారు తన జీతం డబ్బులతో 1979లో 180 గజాల స్థలం కొని డాబా వేశారు. ఆయన 2016లో పోయారు, విల్లు రాయలేదు. అమ్మ, నేను, దుబాయ్‌లో ఉన్న తమ్ముడు, శ్రీకాకుళంలో ఇచ్చిన చెల్లెలు, ఇంతే మేము. చెల్లికి పెళ్లప్పుడు బంగారం, పసుపు కుంకుమ కింద డబ్బు ఇచ్చేశాం, వాటా అడగనని తనే అంటోంది. నానమ్మ కూడా మా దగ్గరే ఉండేది, 2018లో కాలం చేసింది. ఇప్పుడు 62 లక్షలకి బేరం కుదిరింది, శుక్రవారం 5 లక్షలు అడ్వాన్స్ క్యాష్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? రంగులు వేయించి అమ్మితే మంచిదా? ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు: శుక్రవారం తీసుకోకండి. మిగతాదంతా తర్వాత చెప్తాను, ముందు ఇది గట్టిగా మనసులో పెట్టుకోండి, ఎందుకంటే మన ఊళ్లో ఇళ్ల అమ్మకం కేసులు నా దగ్గరకి వచ్చేవాటిలో సగం పైన అడ్వాన్స్ తీసుకున్నాక కాయితాలు వెతుక్కున్న వాళ్లవే.

మీరు ప్రశ్నలో చెల్లి గురించి నాలుగు ముక్కలు రాసి, నానమ్మ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు కంగారు పుట్టించింది ఆ ఒక్క ముక్కే. అందుకే ఫోన్ చేసి అడిగాను, మీ నాన్నగారికి అక్కచెల్లెళ్లు ఉన్నారా అని. ఇద్దరున్నారన్నారు, ఒకరు బొబ్బిలిలో, ఒకరు రాజాంలో, ఇద్దరూ బాగానే ఉన్నారు. నానమ్మ కూడా విల్లు రాయలేదన్నారు. అంటే ఈ ఇంట్లో మీ మేనత్తలిద్దరికీ వాటా ఉందండి. అవును, మీ నాన్నగారు తన జీతంతో కొన్న ఇంట్లోనే.

ఎలాగంటే, హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మగవాడు సొంత సంపాదన ఆస్తి మీద విల్లు లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, వీళ్లతోపాటు తల్లి కూడా మొదటి వరస వారసురాలే, అందరికీ సమానం. 2016లో నాన్నగారు పోయిన రోజున నానమ్మ బతికే ఉన్నారు కాబట్టి ఆ రోజే ఇల్లు ఐదు వాటాలైపోయింది: అమ్మ, మీరు, తమ్ముడు, చెల్లి, నానమ్మ. 180 గజాల్లో ఒక్కొక్కరికి 36. తర్వాత 2018లో నానమ్మ పోయారు, ఆవిడ 36 గజాలు ఆవిడ వారసులకి వెళ్తుంది, అంటే మేనత్తలిద్దరికీ, అలాగే ముందే పోయిన కొడుకు పిల్లలుగా మీ ముగ్గురికీ కలిపి ఒక భాగం. మూడు భాగాలు చేస్తే భాగానికి 12 గజాలు. పెద్ద మేనత్తకి 12, చిన్న మేనత్తకి 12, మీ ముగ్గురికీ తలో 4. నానమ్మ వాటాలోంచి మీ అమ్మగారికి ఏమీ రాదు, కోడలు కదా. చివరికి లెక్క ఇలా తేలుతుంది: అమ్మగారికి 36, మీ ముగ్గురికీ తలో 40, మేనత్తలకి తలో 12. కూడి చూసుకోండి, 180 సరిపోతుంది.

ఎమ్మార్వో ఆఫీసు నుంచి తెచ్చుకునే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో మేనత్తల పేర్లు రాకపోవచ్చు, కొనేవాళ్ల తరఫు వాళ్లు కూడా అది చూసి నలుగురే అనుకుని ముందుకెళ్లిపోవచ్చు. అయినా ఆ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరున్నారో చెప్తుందే తప్ప ఆస్తి ఎవరిదో తేల్చదండి. రేపు మేనత్త కొడుకు ఎవరో లెక్క తెలిసినవాడు వాళ్లమ్మ చేత కోర్టులో భాగం దావా వేయిస్తే, ఆ 24 గజాల మట్టుకు మీరు రాసిచ్చిన దస్తావేజు చెల్లదు, అప్పుడు కొన్నాయన వచ్చి పడేది మీ మీదే, ఎందుకంటే దస్తావేజులో ఏ తగాదా వచ్చినా నష్టం మాదే అని రాసిస్తారు కదా.

కంగారు పడక్కర్లేదు, మేనత్తలతో మాట్లాడండి. వాళ్లు డబ్బు వద్దంటే వద్దనే అంటారేమో, మన పక్క మేనత్తలు మేనల్లుడి ఇంటి డబ్బు అడిగేవాళ్లు తక్కువే, కానీ వద్దన్నది నోటిమాట కాకుండా సంతకంలో ఉండాలి. తేలికైన పని ఏంటంటే, అమ్మేవాళ్ల జాబితాలో వాళ్లిద్దర్నీ కూడా కలిపి ఒకే దస్తావేజు మీద ఆరుగురూ సంతకాలు పెట్టేయడం. అలాగైతే వేరేగా హక్కు విడుదల దస్తావేజు రాయించి దానికి మళ్లీ స్టాంపు డ్యూటీ కట్టే ఖర్చు ఉండదు. చెల్లికీ ఇదే మాట. పెళ్లప్పుడు ఎంత పెట్టినా అది వాటా కింద జమ కాదు, "నాకు హక్కు లేదు" అని తెల్లకాయితం మీదో నూరు రూపాయల స్టాంపు మీదో రాయించుకుంటే అది కూడా పనికిరాదు, 100 రూపాయల పైన విలువున్న స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్ అవ్వాల్సిందే. చెల్లి బంగారంలాంటి పిల్లే అయ్యుండొచ్చు, కానీ వాళ్ల అత్తింటివారి ఆలోచన రేపు ఎలా ఉంటుందో మనకేం తెలుసు. ఒకవేళ ఇది తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయ్యుంటే ఈ లెక్క మారేది, అక్కడ కూడా ఇదే వారసత్వ చట్టానికి వచ్చిన 2005 సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు వినీత శర్మ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత కూతురు కొడుకుతో సమానమే.

తమ్ముడి సంగతి. ఆయన రాలేకపోతే దుబాయ్‌లో మన కాన్సులేట్‌కి వెళ్లి మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, అందులో డోర్ నంబరు, సర్వే నంబరు, హద్దులు వేసి ఈ ఇల్లు అమ్మడానికే అని ఉండాలి, తన వాటా డబ్బు తన ఖాతాలోకే పడాలని కూడా రాయించండి, రేపు అన్నదమ్ముల మధ్య మాట రాకుండా. ఆ కాయితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఇది మర్చిపోయి సొరుగులో పెట్టేసినవాళ్లని చూశాను. అమ్మగారికి మోకాళ్ల నొప్పులని ఫోన్‌లో చెప్పారు కదా, మెట్లెక్కలేకపోతే సబ్ రిజిస్ట్రార్‌నే ఇంటికి రప్పించుకునే ఏర్పాటు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, ముందుగా అర్జీ, ఫీజు కట్టాలి. అమ్మగారి వాటా అమ్మగారి ఖాతాలో పడనివ్వండి, ఆవిడ తర్వాత మీకిచ్చుకుంటారో ఏం చేసుకుంటారో ఆవిడ ఇష్టం. ఇల్లు అమ్మేశాక ఆవిడ ఎవరి దగ్గర ఉంటారో కూడా ముందే అనుకోండి, ఇది లాయర్‌గా చెప్పే మాట కాదు.

ఇక అడ్వాన్స్ ఎందుకొద్దన్నానంటే, ఒక పార్టీ సంగతి చెప్తాను, పేర్లు వద్దు. అన్నయ్య ఒక్కడే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి డబ్బు తీసుకుని అక్క పెళ్లి బాకీ తీర్చేసుకున్నాడు. తీరా రిజిస్ట్రేషన్ టైముకి అక్క సంతకం పెట్టనంది. కొనేవాడు 3 ఏళ్ల గడువు ముగియకముందే అగ్రిమెంట్ ప్రకారం రిజిస్టర్ చేయించమని దావా వేశాడు. 2018లో ఒప్పందాల అమలు చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) మార్చాక ఇలాంటి దావాల్లో డబ్బు తిరిగిచ్చేస్తాం వదిలేయండి అని కోర్టుని బతిమాలడం అంత ఈజీ కాదు. ఇల్లు అమ్మనూ లేక, డబ్బు తిరిగివ్వనూ లేక, ఆ ఇంటి ముందు గేటు తుప్పు పట్టిపోయింది గాని కేసు తేలలేదు. పైగా మీవాళ్లు క్యాష్ ఇస్తామంటున్నారు. ఇల్లు అమ్మకం అడ్వాన్స్ 20 వేలు, ఆపైన నోట్ల రూపంలో తీసుకుంటే తీసుకున్నవాళ్లకే అంత మొత్తం పెనాల్టీ పడుతుంది, అంటే 5 లక్షలకి 5 లక్షలు. చెక్కో బ్యాంకు ట్రాన్స్‌ఫరో మాత్రమే. ఇంకోటి, అగ్రిమెంట్ టైములోనే తాళాలు ఇచ్చేయకండి, స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే ఆ అగ్రిమెంట్ మీదే అమ్మకం దస్తావేజుకి పడినంత స్టాంపు డ్యూటీ పడుతుంది.

కాయితాల విషయానికొస్తే, 1979 దస్తావేజు బీరువాలోంచి తీసి ఒకసారి బల్ల మీద పరచండి. నాలుగు మడతలు పెట్టి ఉంటుంది, ఆ మడతల దగ్గరే చిరిగి అక్షరాలు పోయుంటాయి, సరిగ్గా అక్కడే కొలతలు ఉంటాయి మన ఖర్మకి. చదవలేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్, 1983 నుంచే వస్తుంది, మీ దస్తావేజు దానికి ముందుది, కాబట్టి పాత కాలానిది ఆఫీసులో అర్జీ పెట్టి తీయించాలి. తర్వాత టేపు పట్టుకుని స్థలం కొలవండి. దస్తావేజులో 180 ఉండి నేల మీద 171 తేలిన ఇళ్లు చాలా చూశాను, రోడ్డు వెడల్పు చేసినప్పుడో పక్కింటాయన గోడ కట్టినప్పుడో పోయుంటుంది. గజం రేటు కట్టి బేరమాడినప్పుడు ఆ 9 గజాలు పెద్ద గొడవ. హద్దుల్లో "తూర్పు: ఫలానా వారి పెంకుటిల్లు" అని ఉంటుంది, ఆ ఫలానా వారూ లేరు, పెంకుటిల్లూ లేదు, ఇప్పటి హద్దులు కూడా దస్తావేజులో వేయించండి.

నిషేధిత జాబితా, 22ఏ అంటారే, రిజిస్ట్రేషన్ చేయకూడని భూములవి, అందులో మీ సర్వే నంబరు ఉందేమో చూడండి. మన చుట్టుపక్కల దేవస్థానం భూములు, మాన్సాస్ (విజయనగరం రాజుల ట్రస్టు) భూములు, ప్రభుత్వ భూములు ఉన్నాయి, సర్వే నంబరు సబ్ డివిజన్ కాకపోతే మీ పట్టా స్థలం కూడా వాటితో కలిసి ఆ జాబితాలోకి ఎక్కిపోయి ఉండొచ్చు. ఉంటే తీయించడానికి కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరగాలి, నెలలు పడుతుంది. ఇంటి పన్ను, కుళాయి పన్ను, కరెంటు బిల్లు రిజిస్ట్రేషన్ రోజు దాకా మీరే కట్టాలి.

ఇన్‌కమ్ టాక్స్ గురించి పొడిగా చెప్తాను, వివరం మీ ఆడిటర్‌ని అడగండి. ధర 50 లక్షలు, ఆపైన కాబట్టి కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్, అంటే ముందస్తు టాక్స్, కోసి కడతారు, ఆరుగురు అమ్మినా 62 లక్షలూ కలిపే చూస్తారు. తమ్ముడు ఎన్నారై అయితే అతని వాటాకి ఈ 1 శాతం రూల్ పనికిరాదు, చాలా ఎక్కువ కోస్తారు, తగ్గించమని డిపార్ట్‌మెంట్ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. లాభం లెక్కకి 1979 ధర అక్కర్లేదు, 2001 ఏప్రిల్ 1 నాటి విలువ పెట్టుకోవచ్చు. ఇంకో ఇల్లు కొనే ఆలోచన ఉంటే అమ్మిన 2 ఏళ్లలోపు కొనండి, టాక్స్ మిగులుతుంది. దస్తావేజులో తక్కువ వేసి మిగతాది బ్లాకులో ఇస్తామంటే ఒప్పుకోకండి, ఆ మిగతాది రాకపోతే అడగడానికి మీ చేతిలో కాయితం ఉండదు.

రంగులు మీ ఇష్టం. కానీ శ్లాబు కారుతుంటే పుట్టీ పెట్టి కప్పేసి అమ్మకండి, మామూలుగా చూస్తే కనపడని లోపం మీకు తెలిసుంటే చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 1882లోనే ఉంది. పక్కింటితో ఉమ్మడి గోడ ఉన్నా, నూతిలో నీళ్లు ఇద్దరూ తోడుకునే ఒప్పందం ఉన్నా చెప్పేయండి.

కొనేవాళ్లకి శుక్రవారం ఇలా చెప్పండి: "మేనత్తలూ తమ్ముడూ కూడా సంతకాలు పెట్టాలి, కాయితాలు సర్దుకోడానికి రెండు నెలలు పడుతుంది, మీ లాయర్‌కి జిరాక్సులు ఇప్పుడే ఇచ్చేస్తాను, చూపించుకోండి, అడ్వాన్స్ అందరూ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన రోజు చెక్కు ద్వారా ఇద్దురుగాని." నిజంగా కొనేవాడైతే ఆగుతాడు. అది అయ్యాక బొబ్బిలి బస్సెక్కండి. మేనత్తలతో ఈ మాట ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని ఆ 12 గజాల లెక్క మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట వినకముందే.