జరిమానా ఫైన్, బాగున్న ఫైన్ ఒకటేనా?

‘ఐయామ్ ఫైన్’లో ఉన్న ఫైన్, ట్రాఫిక్ పోలీసులు వేసే ఫైన్ ఒకే మాటేనా అని అడిగారు. ఒకటే. నేనూ చాలాకాలం వేర్వేరనుకున్నాను.

మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా. సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని స్లిప్పులు రాసేవాణ్ణి. బీపీటీ 5204 లాంటి సన్నరకం వడ్లు వస్తే ఇంగ్లిష్‌లో ‘ఫైన్’ అని రాయాలి. ఓసారి ఒక రైతు స్లిప్పును కొడుకుతో చదివించుకుని మళ్లీ లోపలికొచ్చాడు. ‘‘నేనేం తప్పు జేసిన్నని ఫైన్ ఏసిండ్రు?’’ సన్నవడ్లని దానర్థం పెద్దాయనా అని నాన్న ఎంత చెప్పినా, తూకం మళ్లీ చూసుకునేదాకా ఆయన కదల్లేదు.

ఆ అనుమానంతోనే తర్వాత డిక్షనరీలు తిరగేశాను. లాటిన్‌లో ఫినిస్ అంటే హద్దు, ముగింపు. అది ఫ్రెంచ్‌లో ఫిన్ అయి, రెండు దారుల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. చివరంటా చేసి, ఇక మెరుగుపెట్టడానికేమీ మిగలని వస్తువు ఫైన్, అంటే మేలైనది. నాజూకు, సన్నం అనే అర్థాలూ అందులోంచే వచ్చాయి. మా వడ్లు ఈ దారిలోవి.

రెండోది తగవు ముగింపు. పాతకాలపు ఇంగ్లండులో భూమి తగాదా కోర్టులో రాజీ అయితే ఆ ఒప్పందాన్నే ఫైన్ అనేవారు. ఒకే తోలు మీద మూడు ప్రతులు రాసి, వంకరటింకరగా కోసి, చెరొకటి ఇచ్చి, అడుగు ముక్కను కోర్టు దాచేది. దొంగ పత్రం తెస్తే అంచులు కలవవు! 1195 నుంచి అలా దాచారు, 1833లో చట్టం చేసి ఆ పద్ధతి ఎత్తేశారు. వ్యవహారం తేల్చుకోవడానికి కట్టే డబ్బుకూ ఇదే పేరు; అదే చివరికి జరిమానా అయింది.

ఫైనల్, ఫినిష్ సరే, ఫైనాన్స్ కూడా ఈ ఇంటిదే. దాని మూలంలో ఉన్నది బాకీ తీర్చి లెక్క ముగించడం. బండికి ఫైనాన్స్ తీసుకున్నవాళ్లకు నవ్వొస్తుందేమో.

మన ‘దండుగ’ సంగతీ చూడండి. అసలర్థం జరిమానాయే. ఇప్పుడు ‘వాడికి చెప్పడం దండుగ’ అంటున్నామంటే, కట్టిన డబ్బు వృథా అనే బాధలోంచే ఆ అర్థం పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.