ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడం దుబారానా?

ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం, ఇంకా అప్పు తీరుతూనే ఉంది, ఇలాంటప్పుడు ఇంటిపనికి మనిషిని పెట్టుకుంటే దుబారా అవుతుందా అని అడిగారు. దీనికి చాలామంది ఒక లెక్క చెబుతారు: మీ గంట సంపాదన ఆ పనికిచ్చే గంట కూలి కంటే ఎక్కువైతే పెట్టేసుకోండి అని. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. నెలజీతగాళ్లకు మిగిలిన గంటకు ఎవరూ అదనంగా పైసా ఇవ్వరు.

నేనైతే ముందు చూసేది, ఆ చాకిరీ ఇప్పుడు ఎవరి నెత్తిన ఉందన్నది. మనిషిని పెట్టుకోకపోతే డబ్బు ఇద్దరికీ మిగులుతుంది, నడుం మాత్రం ఒక్కరిదే విరుగుతుంది. మా ఇంట్లో ఆ ఒక్కరు నేనే. అందుకే పనులన్నీ సగం సగం పంచుకుని ఒక నెల నడిపి చూద్దామన్నాను. పొదుపు, పొదుపు అని పట్టుబట్టేవారు స్నానాలగది గచ్చు మూలల్లో పేరుకున్న పాచిని మోకాళ్ల మీద కూర్చుని రుద్దాక కూడా అదే మాట మీదుంటే, అది నిజంగా పొదుపే. మావారు రెండో వారానికే మాట మార్చారు.

అయినా అన్ని పనులూ అప్పగించలేదు. ఊడ్చి తుడవడం, స్నానాలగది కడగడం, ఈ రెండే. ఆదివారం పొద్దున గొడవలన్నీ వాటి దగ్గరే మొదలయ్యేవి మరి. అంట్లు మేమే తోముకుంటాం, ఒకరు తోముతుంటే ఇంకొకరు తుడిచి సర్దుతాం, రోజు మొత్తంలో మేం తీరిగ్గా మాట్లాడుకునేది అప్పుడే. ఇంకో సంగతి, మనిషి వచ్చినా పని పూర్తిగా తప్పదు. ఆవిడ వచ్చేలోపు మంచం కింద బొమ్మలు, కుర్చీల మీద బట్టలు నేనే ఏరాలి. ఆ సమయాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

2017లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్ దేశాలకు చెందిన 6,000 మందికి పైగా పాల్గొన్నారు. సమయం మిగుల్చుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టేవారిలో జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించిందట. ఆ మిగిలిన సమయం ఫోను చూడడంలోనే కరిగిపోతే మాత్రం నాకు అనుమానమే. నాకు మిగిలింది చాలావరకు నిద్రకే పోయింది, దాన్ని నేను నష్టం కింద రాసుకోలేదు.

మీది క్రెడిట్ కార్డు అప్పులాంటి అధిక వడ్డీ అప్పయితే ముందు అది తీర్చేయండి, ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. మామూలు వడ్డీ అప్పయితే వాయిదా కట్టాక మిగిలే డబ్బులోంచి చూడండి.

జీతం మాట్లాడేటప్పుడు సెలవులు కూడా కలిపి లెక్కేయండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం ప్రకారం ఇంటిపనివారికి వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలి. ఆవిడకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోయినా జీతం కోయకుండా ఇవ్వగలరా? లేదంటే రోజూ రమ్మనకుండా వారానికి ఒక్కరోజు, మీ ఇద్దరికీ బొత్తిగా పడని ఆ ఒక్క పనికే మాట్లాడుకోండి, కూలి మాత్రం తగ్గించకండి.