ఉన్న కాస్త డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు: పెద్దదా, చిన్నదా?

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. సంపాదన నా ఒక్కడిదే. ఎనిమిది నెలల ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బు దాచాను. నెలకి 900 కిలోమీటర్ల దాకా తిరుగుతాం, ఎక్కువగా ఊళ్ళోనే. దాదాపు నా దగ్గరున్న డబ్బంత ధరకే రెండు కార్లు చూశాను, ఒకటి తొమ్మిదేళ్ళ పాత లగ్జరీ డీజిల్ సెడాన్, ఇంకోటి నాలుగేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. అమ్మకి సౌకర్యంగా ఉంటుందని నా మనసు పెద్దదాని మీదే ఉంది. డీలరేమో 8 శాతం ఫ్లాట్ వడ్డీకి ఐదేళ్ళ లోన్ ఇప్పిస్తానంటున్నాడు. ఉన్నదంతా పెట్టి కొనెయ్యనా, లోన్ తీస్కోనా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తానండీ, ఆ పెద్ద కారు వద్దు. అలాగని ఆ చిన్న కారుని ఆ ధరకి, ఆ లోన్‌తో కొనమని కూడా అనను. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.

లగ్జరీ కారు తొమ్మిదేళ్ళు తిరిగేసరికి కొత్తప్పటి ధరలో చిన్న వంతుకి దిగిపోతుంది, అందుకే మన బడ్జెట్‌లోకి వచ్చి కూర్చుంటుంది. కానీ ధర తగ్గింది కారుకే, దాని స్పేర్ పార్టులకి కాదు. హెడ్‌లైట్ పోతే ఆ హెడ్‌లైట్ ఇప్పటికీ ఖరీదైన కారు హెడ్‌లైటే, గేర్‌బాక్స్‌లో కంప్యూటర్ యూనిట్ పోతే అది కూడా అంతే, చక్రాల కుదుపుల్ని ఆపే సస్పెన్షన్ కూడా అంతే. చిన్న కారు ధరకి కొన్న బండికి పెద్ద కారు రిపేర్ బిల్లులు కట్టాల్సి వస్తుంది, అదీ సరిగ్గా ఆ పార్టులన్నీ అరిగిపోయే వయసులో. మొదటి ఓనర్ ఎందుకు అమ్ముతున్నాడో ఒక్కసారి ఆలోచించండి, చాలాసార్లు ముందు పెద్ద ఖర్చు కనబడే అమ్ముతారు.

ఇక అది డీజిల్. మీరేమో నెలకి 900, అంటే రోజుకి 30 కిలోమీటర్లు, అది కూడా చిన్న చిన్న ట్రిప్పులు. ఇలాంటి డీజిల్ కార్లలో చాలావాటికి పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు, అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే అక్కడ దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, దానికి బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడ్‌లో పోవాలి. స్కూలుకీ ఆఫీసుకీ తిరిగే బండికి ఆ ఛాన్సే రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది, మార్చాలంటే పెద్ద ఖర్చు. డీజిల్ చెడ్డదని కాదండీ, రోజూ హైవే మీద దూరం పోయేవాళ్ళకి బాగుంటుంది, మీ వాడకానికి నప్పదు.

మైలేజీ గురించి కూడా ఒక లెక్క చూడండి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరబడతారు. లీటరుకి 12 ఇచ్చే బండికి మీ 900 కిలోమీటర్లకి 75 లీటర్లు కావాలి, 18 ఇచ్చేదానికి 50 చాలు, నెలకి 25 లీటర్లు మిగిలాయి, ఐదేళ్ళకి 1500 లీటర్లు. అదే 18 నుంచి 24కి వెళ్తే? 37.5 లీటర్లు కావాలి, మిగిలేది పన్నెండున్నరే. పెరిగింది రెండుసార్లూ ఆరు కిలోమీటర్లే కానీ లాభం సగానికి పడిపోయింది. కాబట్టి బాగా తాగేసే బండిని వదిలేయడంలోనే అసలు పొదుపు ఉంది, ఆ పైన లీటరుకి రెండు మూడు ఎక్కువ ఇస్తుందని ఎక్కువ ధర పెట్టి కొనక్కర్లేదు, ఆ తేడాని మంచి టైర్లకి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఫ్లాట్ వడ్డీ సంగతి. దీని మీద నాకు నిజంగా కోపం, ఎందుకంటే 8 అనే అంకె చూసి జనం సంతకం పెట్టేస్తారు. 100 అప్పు తీసుకున్నారనుకోండి. ఏడాదికి 8 చొప్పున ఐదేళ్ళకి 40 వడ్డీ, మొత్తం 140ని 60 నెలలకి పంచి ఈఎంఐ కట్టిస్తారు. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తారు, నాలుగో ఏడాదికి బాకీ సగం కూడా ఉండదు, కానీ వడ్డీ మాత్రం ఇంకా మొదటి 100 మీదే పడుతుంటుంది. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది దాదాపు 14 శాతం లోన్. నిజంగా తగ్గే బాకీ మీద 8 శాతమే అయితే ఐదేళ్ళకి వడ్డీ 22 లోపే అవుతుంది, 40 కాదు. మూడేళ్ళలో తీర్చేస్తే 13 లోపే. అందుకని డీలర్‌ని ఒక్కటే అడగండి, మొత్తం ఎన్ని కంతులు, ఒక్కో కంతు ఎంత, ఫీజులతో కలిపి చివరికి నా జేబులోంచి పోయేది ఎంత అని, కాగితం మీద రాయించుకోండి. అదే కాగితం పట్టుకుని మీ జీతం పడే బ్యాంకుకి వెళ్ళి అక్కడ ఎంతో కనుక్కోండి. పాత కార్ల లోన్లకి కొత్త కార్లకన్నా వడ్డీ ఎక్కువే ఉంటుంది మామూలుగా, అయినా బ్యాంకులో అడగకుండా డీలర్ లోన్ తీస్కోవద్దు.

మరి ఉన్నదంతా పెట్టి కొనెయ్యచ్చా అంటే, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. సంపాదించేది మీరొక్కరే, ఇంట్లో పెద్దావిడ, ఇద్దరు పిల్లలు. ఆరు నెలల ఖర్చు కదలకుండా ఉండాల్సిందే, కారు కోసం కూడా దాన్ని ముట్టుకోవద్దు. ఉద్యోగంలో ఏదైనా అయిన నెలలో కారు అమ్మి బియ్యం కొనే పరిస్థితి రాకూడదు కదా, ఆ తొందరలో అమ్మితే వచ్చే ధర కూడా తక్కువే. అంటే మీ చేతిలో నిజంగా ఉన్నది రెండు నెలల ఖర్చంత డబ్బు. అందులో అర నెలది పక్కన పెట్టండి, పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, ఆయిళ్ళు, ఫిల్టర్లు, బ్యాటరీ, ఏ పాత కారుకైనా మొదటి ఏడాది ఇవి తప్పవు. మిగిలిన నెలన్నర ఖర్చు డౌన్ పేమెంట్.

అప్పుడు మీరు చూడాల్సిన కారు ధర ఎనిమిది నెలల ఖర్చంత కాదు, ఐదు నెలల ఖర్చంత. లోన్ మూడున్నర నెలల ఖర్చంత అవుతుంది, తగ్గే బాకీ మీద 8 శాతం, మూడేళ్ళు అనుకుంటే ఈఎంఐ మీ నెల ఖర్చులో తొమ్మిదో వంతు. 12 శాతం పడినా ఎనిమిదో వంతు దాటదు. ఇది మోయగలిగే బరువు. ఆ ధరకి రావాలంటే నాలుగేళ్ళ కారు బదులు అదే మోడల్‌లో ఆరేడేళ్ళది చూడండి, కారు ధర మొదటి కొన్నేళ్ళలోనే గట్టిగా పడుతుంది, ఆ నష్టం వేరేవాళ్ళు భరించేశాక మనం కొనడమే సెకండ్ హ్యాండ్‌లో ఉన్న సుఖం. చూసుకుని వాడిన ఆరేడేళ్ళ పెట్రోల్ బండిలో ఇంకా బోలెడంత జీవం ఉంటుంది.

సరే, అసలు మీ మనసులో ఉన్నది అమ్మగారి సౌకర్యం, దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఖరీదుకీ సౌకర్యానికీ మనం అనుకున్నంత సంబంధం లేదు.

మా అమ్మకీ మోకాళ్ళ నొప్పులే. కారు చూడటానికి వెళ్ళిన ప్రతిచోటా నేను పక్కన నించుని ఆవిడ ఎక్కడం దిగడం మాత్రం చూసేవాణ్ణి. కిందకి ఉండే సెడాన్‌లో కూర్చునేటప్పుడు చివర్లో ధబాలున పడిపోయేది, దిగేటప్పుడు ఒక చెయ్యి డోర్ మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద, ఒక్కసారి లేవలేక మళ్ళీ కూర్చునేది. సీటు మోకాలి ఎత్తు కన్నా కిందకి ఉంటే లేచేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది మరి. తర్వాత రూఫ్ ఎత్తుగా, సీటు కాస్త పైకి ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్ దగ్గర వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని రెండు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి లోపలికి పెట్టుకుంది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మాకు నిర్ణయం అక్కడే అయిపోయింది. మీరూ అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి, మూడుసార్లు ఎక్కి దిగమనండి. ఒకసారి చాలదు, మొదటిసారి మొహమాటానికి బాగుందనేస్తారు. డోర్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, కింద గడప ఎంత ఎత్తుంది, తల తగులుతుందా, ఇవన్నీ మూడోసారికి తెలిసిపోతాయి.

కుదుపుల గురించైతే ముందు టైర్లు చూడండి. టైర్ పక్కన 185/65 ఆర్15 అని ఉంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 అయితే 92 మాత్రమే. ఆ రబ్బరు గోడే గుంతల్ని మింగేది. అందుకే షోకు కోసం పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించిన పాత కార్లలో ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, అలాంటిది కనిపిస్తే వదిలెయ్యండి లేదా కంపెనీ సైజు చక్రాలు ఇస్తేనే మాట్లాడండి. టెస్ట్ డ్రైవ్ మంచి రోడ్డు మీద కాదు, పాడైన రోడ్డు మీద 20 స్పీడ్‌లో పోనివ్వండి, అద్దాలు ఎత్తేసి, పాటలు ఆపేసి. కిందనుంచి టకటక వస్తే సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు గానీ లింకు రాడ్లు గానీ అరిగిపోయినట్టు. మీ భార్యగారిని వెనక సీట్లో కూర్చోమనండి, డ్రైవర్ సీట్లో తెలియని చప్పుళ్ళు అక్కడ తెలుస్తాయి. తర్వాత బండి ఆపి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఏసీ పదిహేను నిమిషాలు వెయ్యండి, పోతున్నప్పుడు చల్లగా ఉండి ఆగితే వేడి గాలి వస్తుంటే ఏసీకో కూలింగ్ ఫ్యాన్‌కో పని ఉన్నట్టే. వెనక ముగ్గురు కూర్చుంటారు కాబట్టి మధ్య సీటుకి కూడా భుజం మీదుగా వచ్చే బెల్ట్, తల ఆనించుకునే దిండు ఉన్నాయా చూడండి, ఇది చాలామంది పట్టించుకోరు, మధ్యలో కూర్చునేది పిల్లలే.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్తామని చెప్పిన టైమ్‌కి కాస్త ముందే వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టండి, అప్పటికే వెచ్చగా ఉంటే స్టార్టింగ్ కష్టం దాచడానికే ముందే వేడి చేసి ఉండచ్చు, ఇంకో రోజు వస్తామనండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, లోపలికి పోతున్నట్టు. టైర్ పక్క గోడ మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైర్లని నేనైతే కొత్తవాటి ఖర్చు కింద లెక్కేసి ధరలో తగ్గించమంటాను.

ఇంకోటి తప్పకుండా చెయ్యండి. సీటు బెల్ట్ చివరిదాకా, అంటే ఇక రానంత వరకు, బయటకి లాగండి. ఒకసారి మా బంధువు కోసం ఒక కారు చూశాం, పెయింట్ తళతళ, లోపల సెంటు వాసన, సర్వీస్ బుక్ కూడా ఉంది. బెల్ట్ లాగితే పైన శుభ్రంగానే ఉంది, చివరి జానెడులో మాత్రం గోధుమ రంగు గీత, వేలితో రుద్దితే ఎండిన ఒండ్రు పొడి రాలింది. సీటు ఎత్తు దాకా నీళ్ళలో మునిగిన బండి అది. అమ్మే ఆయన వెంటనే ధర తగ్గిస్తానన్నాడు, మేం వచ్చేశాం. నీళ్ళలో మునిగిన కారులో వైర్ల జాయింట్లు నెమ్మదిగా తుప్పు పడతాయి, ఇవాళ అన్నీ పని చేస్తాయి, ఆర్నెల్లకి ఒక్కోటీ మొదలవుతుంది, ఎంత తగ్గించినా అది చవక కాదు.

ఇవన్నీ మీరు చూశాక కూడా అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బులిచ్చి బండిని లిఫ్ట్ మీద పెట్టించి చూపించండి, బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టమనండి, అందులో నమోదయ్యే లోపాల కోడ్లు ఈ మధ్యే చెరిపేసి ఉంటే అది కూడా అందులో తెలుస్తుంది. మెకానిక్‌కి చూపించడానికి ఒప్పుకోకపోతే ఆ కారు గురించి ఇంక ఆలోచించక్కర్లేదు. ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పడానికి టైమింగ్ బెల్ట్ ఉందా, చెయిన్ ఉందా అని కూడా అడిగించండి, బెల్ట్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు చూపించాలి, చాలా ఇంజన్లలో అది తెగితే లోపల వాల్వులు వంగి ఇంజనే పాడవుతుంది. కాగితాల్లో పాత ఓనర్ లోన్ పూర్తిగా తీరినట్టు పత్రం, ఛాసిస్ నంబర్ బండి మీదా కాగితం మీదా ఒకటేనా అన్నది, కట్టాల్సిన జరిమానాలు, ఈ మూడూ తేలాకే డబ్బు చేతులు మారాలి.

వచ్చే సెలవు రోజు అమ్మగారిని తీసుకుని ఆరేడేళ్ళ వయసున్న రెండు మూడు హ్యాచ్‌బ్యాక్‌లు చూసి రండి. ఏది ఆవిడ చెయ్యి పట్టుకోకుండా దిగగలిగారో, దాని టైర్ల మీద నాలుగంకెలు ఏంటో, బ్యాంకు వాళ్ళు తగ్గే బాకీ మీద ఎంత వడ్డీ అన్నారో రాయండి, రెండేళ్ళలో తీర్చచ్చా, మూడేళ్ళు పెట్టుకోవాలా అన్నది మీ జీతంతో లెక్క వేసి చెప్తాను.