నీళ్ళ ప్లాంటు నడిపే కొడుక్కి మిషన్ పిలుపు వచ్చింది, వద్దనాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి పక్కన ఊరు. పెళ్ళయిన కొత్తలోనే మావారూ నేనూ కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాం, బయటివాళ్ళు మోర్మన్లు అంటారు. మాకు వాటర్ ప్లాంటు ఉంది. మూడేళ్ళ క్రితం మావారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, అప్పట్నుంచి ప్లాంటూ, ఆటోలో క్యాన్లు వెయ్యటం అంతా మా అబ్బాయే. వాడికి 20. రెండేళ్ళ మిషన్‌కి, అంటే ఇల్లు వదిలి వెళ్ళి చేసే మత ప్రచారానికి, సంఘం నుంచి పిలుపొచ్చింది, రెండు నెలల్లో బయల్దేరాలి. మావారు పొంగిపోతున్నారు. బ్యాంకు లోను ఉంది, అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. మా అత్తగారి తరఫువాళ్ళు 'అన్నం పెట్టే పని వదిలి ఊళ్ళు తిరగటమేంటి' అంటున్నారు. మేడ మీద ఉండే మామ్మగారైతే 'నా క్యాన్ ఎవరు మోస్తారే' అని అడిగింది. వద్దంటే దేవుడికి అడ్డుపడినట్టు, ఊరుకుంటే ఇల్లు మునిగినట్టు ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీవారు ఏమన్నారో రాశారు, చుట్టాలు ఏమన్నారో రాశారు, ఆఖరికి మామ్మగారు ఏమందో కూడా రాశారు. మీ అబ్బాయి ఏమన్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. ముందు అది కనుక్కోండి. మీవారి ఎదురుగా కాదు, రాత్రి ప్లాంటు కట్టేసి ట్యాంకు కడుగుతుంటాడు చూడండి, అప్పుడు పక్కన నిలబడి అడగండి. 'నీకు వెళ్ళాలని ఉందా, నాన్న కోసం వెళ్తున్నావా' అని సూటిగానే అడగొచ్చు, 20 ఏళ్ళవాడు, అర్థమవుతుంది. నాన్న కోసమే అంటే సంగతి వేరు, ఆ మాట పెద్దల ముందు వాడే చెప్పాలి, మీరు పక్కనుండాలి. నిజంగానే వెళ్ళాలని ఉందంటే మాత్రం ప్లాంటుని అడ్డం పెట్టి వాణ్ణి ఆపకండి. ఆగుతాడు గానీ, ఆ తర్వాత ప్రతి క్యాన్ ఎత్తేటప్పుడూ మిమ్మల్నే తలుచుకుంటాడు.

వెళ్ళటమా మానటమా అన్న చోటే మీరందరూ కూర్చుండిపోయారు. అసలు మాట్లాడాల్సింది ఎప్పుడు వెళ్ళాలి అన్న దాని గురించి. నేను మీ సంఘం మనిషిని కాదు, కానీ ఆ పద్ధతి కొంత తెలుసు. పిలుపు ఊరికే ఊడిపడదు. కుర్రాడు దరఖాస్తు పెట్టాలి, డాక్టరూ పళ్ళ డాక్టరూ చూడాలి, సంఘ పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడాలి, ఏ తేదీ నుంచి రాగలడో వాడే వెయ్యాలి. ఆ తేదీ వేసిన రోజున లోను ఎంతుంది, ఆటో ఎవరు తోలతారు అన్న లెక్క మీ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. మీతో అనలేదు కూడా. మీ కోపం సగం అందుకే, అది న్యాయమే.

ఇంట్లో ఇబ్బంది ఉందని చెబితే తేదీ వెనక్కి జరపమని అడగొచ్చు. మీ ఊరి సంఘానికి పెద్దగా ఉండే బిషప్పుకో బ్రాంచి ప్రెసిడెంటుకో చెబితే వాళ్ళు పైకి రాస్తారు. మగపిల్లలు 18 నుంచి 25 లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, 2012 దాకా అయితే 19 నిండితే గానీ పంపేవాళ్ళే కాదు. మీవాడికి 20, ఆరు నెలలు ఆలస్యమైనంత మాత్రాన తలుపులేం మూసుకుపోవు. ఇంట్లో ఉండి చేసే సేవా మిషన్ కూడా ఉందని ఎవరైనా అంటారు, కానీ అది ఎక్కువగా ఆరోగ్యం సహకరించనివాళ్ళ కోసం, వ్యాపారం ఉందని అడిగితే ఇచ్చేది కాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

మీవారు 'వెనకటివాళ్ళు అన్నీ వదిలి వెళ్ళారు' అంటారేమో. వెళ్ళారు, నిజమే. మీ సంఘానికి తొలినాటి పెద్ద బ్రిగమ్ యంగ్ రోజుల్లో, అమెరికాలోని యూటాలో సంఘ మహాసభ వేదిక మీంచి పేర్లు చదివేవారు, కొందరికి తమ పేరుందని అక్కడ వింటేనే తెలిసేది. కానీ అదే వేదిక మీంచి 1861లో దాదాపు 300 కుటుంబాలని దక్షిణ యూటాకి పిలిచింది పత్తి పండించటానికి, సెయింట్ జార్జ్ ఊరు అలా పుట్టిందే. అంతకు పదేళ్ళ ముందు కొందరిని ఇనుము తియ్యటానికి పంపారు. ఊరికి కావలసిన పని దేవుడి పనికి పోటీ అని వాళ్ళనుకోలేదన్నమాట. ఇంకో సంగతి, భర్తలు ఇంగ్లండుకో డెన్మార్కుకో ప్రచారానికి వెళ్తే వెనక పొలమూ పాడీ పిల్లలూ లాక్కొచ్చింది భార్యలే. కథలు చెప్పేటప్పుడు మాత్రం వెళ్ళినవాళ్ళ పేర్లే వినిపిస్తాయి, నాకది ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది.

అంత దూరమెందుకు, మనవాళ్ళనే చూడండి. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు సమోవాలో ఉండగా ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో కొద్దికాలపు మిషన్ మీద హైదరాబాదు వచ్చి, 22 మంది బంధువులకి బాప్తిస్మం అయ్యాక మళ్ళీ సమోవా వెళ్ళిపోయారు. 2012లో దేశంలోనే మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాదులో ఏర్పడిందంటే ఆ మొదలు అక్కడుంది. కుర్రాళ్ళ రెండేళ్ళ మిషనూ అదీ ఒకటి కాదనుకోండి, కానీ ఇంటి వీలు చూసుకుని వెళ్ళినవాళ్ళని తక్కువ విశ్వాసులని ఎవరూ అనలేదు కదా, మీవారితో ఆ మాట చెప్పండి.

ఇక ఆ ఆరు నెలలు ఊరికే గడిపితే మళ్ళీ ఇదే టెన్షన్. ప్లాంటు మొత్తం మీవాడి బుర్రలో ఉంది. నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలి, ఏ ఇంట్లో మన క్యాన్లు ఎన్ని ఉండిపోయాయి, టీ కొట్టు అబ్బాయి ఎంత బాకీ, ఇదంతా నోట్‌బుక్‌లోకి రావాలి. కౌంటర్ మీదున్న క్యూఆర్ కోడ్ ఎవరి అకౌంటుది? నా అనుమానం మీ అబ్బాయిదే. వాడు మిషన్‌లో ఉండగా ఓటీపీ కోసం ఎవరికి ఫోన్ చేస్తారు? 2019 నుంచి వారానికోసారి ఇంటికి మాట్లాడనిస్తున్నారు, అంతకుముందు ఏడాదికి రెండుసార్లే. ఆ కాస్త మాటల్లో మోటారు ఎందుకు ఆగిందో అడుగుతూ కూర్చుంటే వాడు అక్కడా ఉండలేడు, ఇక్కడా లేడు.

మీవారు బరువులెత్తలేరు, ఒప్పుకుంటాను. కౌంటర్లో కూర్చుని టోకెన్లిచ్చి, ఎడమచేత్తో లెక్క రాసి, నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపే టీడీఎస్ మీటరు చూడగలరు. కొడుకుని దేవుడి పనికి పంపానని చెప్పుకునే గొప్ప ఆయనదైతే కౌంటరూ ఆయనదే. ఆటోకి జీతం మీద మనిషిని పెట్టండి, ఆ జీతం, లోను కిస్తీ, మిషన్ ఖర్చులో మీరు ఇవ్వాల్సిన వాటా (మిషన్‌లో కుర్రాడికి జీతముండదు, ఇంటివాళ్ళు ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వాలంటారు) మూడూ ఒకే కాగితం మీద వెయ్యండి. కిట్టకపోతే దూరపు వీధులు వదిలెయ్యండి. అమ్మాయి చదువు ఆపించి ప్లాంటులో కూర్చోబెడదాం అన్న మాట ఎవరి నోటి నుంచైనా వస్తే అక్కడికక్కడే కొట్టెయ్యండి. ఒకరి మిషన్‌కి ఇంకొకరి డిగ్రీ ఖర్చు కాకూడదు.

మీ సంఘాన్ని కూడా అడగండి, మొహమాటపడకండి. ఎల్డర్స్ కోరం (మగవాళ్ళ బృందం), రిలీఫ్ సొసైటీ (ఆడవాళ్ళ బృందం) ఉన్నది ఇలాంటివాటికే. ప్రార్థన చేస్తామంటే సంతోషం, దాంతోపాటు శనివారం పొద్దున ఆటో ఎక్కించటానికి ఇద్దరు కుర్రాళ్ళని పంపగలరా అని అడగండి. మామ్మగారికి, ఆ వీధివాళ్ళకి ఇప్పుడే చెప్పెయ్యండి, ఫలానా నెల నుంచి వేరే మనిషి వస్తాడని, మేడ మీదకి మోస్తే రెండు రూపాయలు ఎక్కువని. అత్తగారి తరఫువాళ్ళకి జవాబు అక్కర్లేదు, నోట్‌బుక్‌లో వాళ్ళ బాకీ ఉందేమో ఒకసారి చూసుకోండి చాలు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ముగ్గురూ ఆ బిషప్పు లేదా బ్రాంచి ప్రెసిడెంటు దగ్గర కూర్చోండి. మాట మొదలుపెట్టాల్సింది మీ అబ్బాయి, కాగితం చూపించాల్సింది మీరు. మీవారు రానంటే ఇద్దరే వెళ్ళండి. తేదీ జరపటం కుదరదన్నారనుకోండి, ఎందుకో అడగండి, పై అధికారికి రాయమనండి, అప్పుడూ కాదంటే ఈ పిలుపు వదులుకుని ఏడాది తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టొచ్చా అని కనుక్కోండి. అదేమైనా గానీ, ఆ క్యూఆర్ కోడ్ మాత్రం ఈ వారమే మీ పేరు మీదకి మార్పించుకోండి.