వెండి డాలర్ల వేటలో పడ్డ మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, బ్యాంకుకి చెప్పి డాలర్ నాణేల బాక్సు తెప్పించుకున్నావట, వెయ్యి డాలర్లు పెట్టినా ఒక్క వెండి బిళ్ల కూడా దొరకలేదట. అక్క ఫోన్లో చెప్పి నవ్వింది. దొరకదురా. ఆ బాక్సుల్లో వచ్చేవి సుసాన్ ఆంథోనీ, సకజావియా, ప్రెసిడెంట్ల బొమ్మల డాలర్లు. వాటిలో వెండి వీసమెత్తు కూడా ఉండదు. ఇంకో బాక్సు ఆర్డర్ చెయ్యకు.

అసలు వెండి డాలర్లు రెండు రకాలు. మోర్గాన్ డాలర్‌ని 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో కొట్టారు. పీస్ డాలర్ 1921లో మొదలై, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 1935తో అయిపోయింది. రెండూ 90 శాతం వెండే, బరువు 26.73 గ్రాములు. ఇవన్నీ ఎటు పోయాయంటావా? 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల డాలర్లను ప్రభుత్వమే కరిగించింది. మిగిలినవి నెవాడా కాసినోల్లో తిరిగేవి గానీ, అంత బరువు జేబులో వేసుకోవడం మిగతా చోట్ల జనానికి ఇష్టం ఉండేది కాదు. 1960లలో వెండి ధర పెరిగేసరికి సిల్వర్ సర్టిఫికెట్ నోట్లు (ఇస్తే బదులుగా వెండి డాలర్ ఇచ్చేవి) పట్టుకుని వాషింగ్టన్‌లో ట్రెజరీ ముందు క్యూలు కట్టారు. 1964 మార్చిలో ప్రభుత్వం ఆ నోట్లకి ఇక వెండి డాలర్లు ఇవ్వబోమని చెప్పేసింది. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు వెళ్లినప్పుడు ఇళ్లలో దాచుకున్నవి కూడా బోలెడు కరిగిపోయాయి.

కాబట్టి ఈ రోజు బ్యాంకులో వెండి డాలర్ ఉందంటే, ఎవరో తాతగారి డబ్బా తెచ్చి విలువ తెలియక డిపాజిట్ చేశారని అర్థం. అది బాక్సులో ఉండదు, టెల్లర్ డ్రాయర్‌లో ఓ మూల పడి ఉంటుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా అడగడం. లైన్లో జనం లేనప్పుడు కౌంటర్ దగ్గరికెళ్లి, పెద్ద సైజు డాలర్లు గానీ హాఫ్ డాలర్లు గానీ ఉన్నాయా అని అడుగు. జీతాల రోజు, శుక్రవారం సాయంత్రం వెళ్లకు. టెల్లర్‌తో రెండు మంచి మాటలు మాట్లాడు. నీ పేరు గుర్తుంటే ఏదైనా వచ్చినప్పుడు పక్కన పెట్టి ఉంచుతారు. ఈ వేటలో సగం పని ఇదే, కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకునేది కాదు.

పెద్ద డాలర్ అని ఇస్తే అది చాలాసార్లు ఐసెన్‌హోవర్ డాలరే అవుతుంది, 1971 నుంచి 1978 నాటిది. సైజు మోర్గాన్ అంతే ఉంటుంది గానీ మామూలుది రాగి, నికెల్. నీరసపడకు, పారెయ్యకు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కలెక్టర్ల కోసం కొట్టిన వాటిలో 40 శాతం వెండివి ఉన్నాయి. ఏడాది అంకెకి పైన ఎస్ అక్షరం ఉందేమో చూడు. అయితే ఎస్ ఉన్నవన్నీ వెండివి కావు, అందుకే చిన్న త్రాసు కొనుక్కో. మామూలుది 22.68 గ్రాములు తూగుతుంది, వెండి కలిసినది 24.59.

నిజంగా వెండి చేతికి రావాలంటే హాఫ్ డాలర్ల మీద పడు. 1964, అంతకు ముందువి 90 శాతం వెండి. 1965 నుంచి 1970 దాకా వచ్చిన కెనడీ హాఫ్‌లు 40 శాతం. (మన రూపాయికీ ఇదే గతి పట్టింది: 1940లో వెండి సగానికి దించారు, 1947కల్లా నికెల్ చేసేశారు.) కాగితంలో చుట్టిన ఒక్కో రోల్‌లో 20 ఉంటాయి, పది డాలర్లు. బాక్సులో 50 రోల్స్, 500 డాలర్లు, బరువు పదకొండు కిలోల పైనే, కాబట్టి నడుం జాగ్రత్త. రోల్ విప్పగానే బొమ్మల వైపు కాదు, అంచుల వైపు చూడు. మామూలు వాటికి రాగి గీత స్పష్టంగా ఉంటుంది. 90 శాతం దానికి అంచు మొత్తం తెల్లగా ఉంటుంది. 40 శాతం దానికి గీత మసకగా, బూడిద రంగులో కనిపిస్తుంది కాబట్టి అనుమానం వస్తే ఏడాది చూడు. యంత్రం చుట్టిన రోల్స్ కన్నా కస్టమర్లు చేత్తో చుట్టి ఇచ్చినవి మంచివని నా అభిప్రాయం. బాక్సు తర్వాత బాక్సు ఖాళీగా పోయే రోజులే ఎక్కువ. టెన్షన్ పడేవాళ్లకి ఇది సరిపడదు.

నికెల్స్ (ఐదు సెంట్ల నాణేలు) చూస్తే 1942 నుంచి 1945 దాకా వచ్చిన వాటి వెనక భవనం గుమ్మటం మీద పెద్ద అక్షరం ఉందేమో చూడు. ఉంటే 35 శాతం వెండి.

చూసిన నాణేలు తెచ్చిన బ్రాంచిలోనే తిరిగివ్వకు, వాళ్లకి విసుగొస్తే నీ మూలం ఎండిపోతుంది. వేరే బ్యాంకులో ఖాతా పెట్టుకుని అక్కడ వెయ్యి. సూపర్ మార్కెట్లో నాణేలు లెక్కపెట్టే యంత్రం కనబడితే అది వద్దని వెనక్కి తోసిన నాణేల గిన్నెలో చెయ్యి పెట్టి చూడు. వెండి నాణేన్ని లోహం తేడా వల్ల యంత్రం చాలాసార్లు తోసేస్తుంది, జనం వదిలేసి పోతారు.

దొరికిన నాణెం నల్లగా ఉందని ఇంట్లో వెండి కుందులు తోమినట్టు విభూతి, చింతపండు పెట్టి తోమావంటే చూడు! తోమిన నాణేనికి కలెక్టర్ల దగ్గర ధర పడిపోతుంది. ఒక్కో మోర్గాన్‌లో ముప్పావు ఔన్సు పైన వెండి ఉంటుంది, కనీసం ఆ లెక్క ప్రకారం రావాలి. వెనక సీసీ అని ఉంటే అది కార్సన్ సిటీ టంకశాలది, తొందరపడి అమ్మకు. బయట కొనే మోర్గాన్‌లలో నకిలీలు చాలా ఉన్నాయి, అయస్కాంతానికి అంటుకుంటే తీసుకోకు. అంటుకోలేదని నమ్మెయ్యకు, తూకం కూడా వెయ్యి.

ఇప్పుడు నీ దగ్గరున్న ఆ వెయ్యి డాలర్ల బాక్సు మాత్రం రేపే డిపాజిట్ చేసెయ్యి. క్రెడిట్ కార్డు బిల్లు కట్టే తారీఖు దగ్గర పడుతోందని కూడా అక్క చెప్పింది.

నీ మామయ్య