ట్రాలర్ మా వల తెంపుకుపోయింది, డబ్బు వస్తుందా?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర ఊరు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక ఇంజిన్ తెప్ప ఉంది. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒడ్డుకి ఐదారు కిలోమీటర్లలో వల వేసి ఉంటే ఒక ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద మరబోటు) దాని మీదుగా లాక్కుపోయింది. లక్షా పాతిక వేల వల. బోటు నంబరు రాసుకున్నాం. ఓనరు పాతిక వేలు ఇస్తా, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఊళ్లో కుర్రాళ్లు బోటునే పట్టుకొచ్చేద్దాం అంటున్నారు.

జవాబు: ముందు ఆ కుర్రాళ్లని ఆపండి. బోటు పట్టుకొచ్చారంటే ఇవాళ ఫిర్యాదు చేయాల్సిన మీరు రేపు ముద్దాయిలవుతారు. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసి పట్టే పెద్ద వలల) గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయి విశాఖలో 144 సెక్షన్ పెట్టారు, మీకు తెలియనిది కాదు.

1994 నాటి ఏపీ సముద్ర వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు చిన్న పడవలవి, ట్రాలర్ వల లాగాల్సింది దాని అవతల. కాబట్టి మత్స్యశాఖ అధికారికి, మెరైన్ పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. కాకపోతే చాలామంది పొరబడేది ఇక్కడే: మత్స్యశాఖ వేసే జరిమానా సర్కారుకి పోతుంది, మీ వల ఖరీదు మీ చేతికి రాదు. మీ డబ్బు దారి వేరు, అది సివిల్ దావా, మూడేళ్లలోపు వేయాలి. కోర్టు ఖర్చంటే భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకి ముందే రాజీకి దరఖాస్తు పెట్టండి, లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 324, అంటే కావాలని ఆస్తికి నష్టం చేయడం కింద క్రిమినల్ కేసూ పెట్టొచ్చు గానీ, వల ఉందని తెలిసే తొక్కించాడని రుజువు చేయాలి. మీ వల మీద దీపం వెలుగుతూ ఉందా? అయితే ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

అసలు పేచీ అంతా చోటు దగ్గరే వస్తుంది. "పావురాళ్లకొండ ఇలా కనపడుతోంది, ఇన్ని బారల లోతు" అంటే మీ సరంగుకి, అదే పడవ నడిపేవాడికి, ఇట్టే తెలుస్తుంది, జడ్జిగారికి తెలియదు. ఆ రాత్రి జీపీఎస్‌లో మార్కు కొట్టి ఉంటే చెరిపేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పుడు పెద్ద బోట్లకి ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో తెలిపే పరికరాలు) బిగిస్తున్నారు, ఆ బోటుకి ఉంటే రికార్డు తెప్పించమని కూడా ఫిర్యాదులోనే అడగండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ తెప్పకి రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉన్నాయా? లేకపోతే అవతలి లాయరు మొదటి ప్రశ్న అదే వేస్తాడు, నేనైనా అదే వేస్తాను. ఫిబ్రవరి కాబట్టి ఒక గండం తప్పింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఇంజిన్ తెప్ప కూడా కడలిలోకి పోకూడదు, అప్పుడు జరిగుంటే ముందు మీరే జవాబు చెప్పుకోవాలి.

పాతిక వేలు కుల పెద్దల ముందు తీసుకోవడంలో తప్పు లేదు, ఆ కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి. "ఇక ఏ బాకీ లేదు" అని ఉంటే మిగతా లక్షకి నీళ్లొదులుకున్నట్టే. "నష్టపరిహారంలో కొంత ముట్టింది" అని రాయించండి, ఒప్పుకోకపోతే తీసుకోవద్దు.

తెగిన వల ముక్కలు ఎవరికీ అమ్మేయకండి. మత్స్యశాఖ వాళ్లు వచ్చి చూసి పంచనామా రాసేదాకా అలాగే ఉంచండి. వల కొన్న బిల్లు పోయి ఉంటే ఈ వారంలోనే ఆ కొట్టుకెళ్లి పాత పుస్తకంలోంచి నకలు రాయించుకోండి.