శబ్దం ఏమాత్రం పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్ల లాంటి హై క్వాలిటీ పాటల్ని మామూలు జనం కొని డౌన్‌లోడ్ చేసుకుంటారా?

కొనరు. ఊరికే ఇస్తే వద్దనరు, అంతే.

డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సెల్ షాపులో కూర్చునేవాణ్ని. పని, చిప్పుల్లో పాటలు ఎక్కించడం. పైరసీ అన్న మాట మా వీధిలో ఎవరూ ఎత్తేవారు కాదు లెండి. ఓ రోజు ఒక ఆటో ఆయన రెండు జీబీ చిప్పు తెచ్చాడు. నాకప్పుడు ఈ క్వాలిటీ పిచ్చి బాగా ఉండేది. సీడీ నుంచి తీసిన ఫ్లాక్ పాట, అదే పాటని బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3, రెండూ మంచి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. శ్రద్ధగానే విన్నాడు.

"మొదటిదే బాగుంది బావు, తాళాలు ఖణీమంటున్నాయి."

నా సంతోషం ఏం చెప్పమంటారు!

"ఇలాంటివి ఎన్ని పడతాయేటి?"

"అరవై, డెబ్బై."

"రెండోవైతే?"

"నాలుగు వందలు."

"అవే ఎక్కించీ బావు. పొద్దస్తమానం ఆటో తిప్పుతాను, అరవై పాటలు మద్దేనానికే అయిపోతాయి."

జనానికి తేడా తెలీదనే మేధావులకి ఇదే నా జవాబు. తెలుస్తుంది. అక్కర్లేదు.

ఇప్పుడు చిప్పు గొడవ లేదు కదా అంటారు. 2021లో ఆపిల్ మ్యూజిక్ లాస్‌లెస్ పాటల్ని, అంటే ఫ్లాక్ లాగే శబ్దం పోనివాటిని, అదనంగా పైసా తీసుకోకుండా ఇచ్చింది. డబ్బులడిగితే ఎంతమంది ఇస్తారో వాళ్లకీ తెలిసే ఉంటుంది. పైగా మామూలు బ్లూటూత్ ఆ పాటని మళ్లీ కుదించే చెవికి పంపిస్తుంది. నీల్ యంగ్ అంతటి గాయకుడు ఇలాంటి పాటల కోసమే పోనో అనే ప్లేయర్ తెచ్చాడు, అదీ నిలబడలేదు.

'320 కేబీపీఎస్' అని పేరు పెట్టి అమ్మే పాటల సంగతి ఇంకా దారుణం. వాటిల్లో కొన్ని 128ని సాగదీసినవే. సైజు పెరుగుతుంది గానీ పోయిన శబ్దం తిరిగి రాదు.

మా ఊరి సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు గరగరమంటూనే ఉంటాయి. ఫిడేలు తెలిసినవాళ్లు ఆ గరగరతోనే వింటారు. వాళ్లే ఓర్చుకుంటుంటే ఇక మిగతావాళ్లకి కిలోహెర్ట్జ్‌ల లెక్కలెందుకు?

అంత సరదా ఉన్న కంపెనీలు ముందు ఫోన్లకి ఆ ఇయర్‌ఫోన్ కన్నం తిరిగి పెట్టమనండి. ఫ్లాక్ సంగతి తర్వాత చూద్దాం.